పొగ మానిన రెండో నెలలో పట్టుదల సడలుతున్నప్పుడు

నరసాపురం ప్రాంతంలో రొయ్యల చెరువులు సాగు చేస్తున్న మీరు, 38 ఏళ్ల వయసులో, పదిహేనేళ్లుగా రోజుకు పది చొప్పున కాలుస్తున్న సిగరెట్లను ఐదు వారాల కిందట ఒక్కసారిగా మానేశానని రాశారు. మొదటి పది రోజులు పంతం మీద నెట్టుకొచ్చానని, ఇప్పుడు యావ అంతగా లేకపోయినా అసలు ఎందుకు మానానో మనసుకు తట్టడం లేదని, రాత్రి చెరువు మీద ఉన్నప్పుడు ‘ఒక్కటి కాలిస్తే ఏం పోతుంది’ అన్న ఆలోచన వదలడం లేదని చెప్పి, పట్టుదల నిలబెట్టుకునే మార్గం అడిగారు. కోనసీమలోనూ గోదావరి డెల్టా పడమటి మండలాల్లోనూ పొగాకు మానాలనుకునేవారికి చాలా ఏళ్లుగా సలహాలు చెబుతున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

యావ తగ్గిందన్నారు కాబట్టి దాని గురించి నాకు పెద్దగా దిగులు లేదు. ఎందుకు మానానో గుర్తు రావడం లేదన్న మాట దగ్గర మాత్రం తప్పకుండా ఆగి ఆలోచించాలి. మొదటి వారంలోనే తిరిగి మొదలుపెట్టేవారు ఎక్కువమందే ఉంటారు. కానీ అసలు కష్టమంతా పడి, ఒళ్లు తేరుకున్నాక రెండో నెలలో వెనక్కి వెళ్లేవారిని చూసినప్పుడు నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ చోట ఉన్నారు.

ముందుగా మీ ఒంట్లో ఇప్పటికి ఏం జరిగిందో చెబుతాను. చివరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాల్లోనే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఒక రోజు గడిచేసరికి రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. నికోటిన్ రెండు మూడు రోజుల్లో దాదాపుగా శరీరంలోంచి వెళ్లిపోతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం అప్పుడే ఎక్కువగా బాధించి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో చల్లబడతాయి. కనుక ఐదో వారంలో మీకున్న వెలితి ఆ మొదటి బాధకు కొనసాగింపు కాదు. ఏళ్ల తరబడి రోజుకు పదిసార్లు నికోటిన్ అందించిన కుదుపుకు అలవాటు పడిన మెదడుకు, టీ తాగడం, స్నేహితులతో మాట్లాడటం, చెరువులో రొయ్యల పట్టుబడి బాగా రావడం లాంటి మామూలు సంతోషాలు కొంతకాలం చప్పగా కనిపిస్తాయి. ఈ చప్పదనం కూడా కొన్ని వారాల్లో, కొందరికి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. ‘సిగరెట్ లేకపోతే నా బతుకు ఇంతేనేమో’ అని ఈ దశలో అనుకునేవారు, మెదడు సర్దుకుంటున్న సమయంలో కలిగే భావనను జీవితాంతం ఉండబోయే స్థితిగా పొరబడుతున్నారు.

ఇక కారణం సంగతి. మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున ఆగని దగ్గు, డాక్టరు గారు గట్టిగా మందలించడం, ఈ మూడింటి వల్ల మానానని మీరే రాశారు. ఈ ఐదు వారాల్లో దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది, వాటితోపాటు భయమూ తగ్గింది. భయం మీద నిలబెట్టిన నిశ్చయం భయం తగ్గిన కొద్దీ సడలుతుంది. ఇందులో మీ మనోబలానికి సంబంధించిన లోపం ఏమీ లేదు. మొదటి రోజు పనికొచ్చిన కారణం తన పని తాను పూర్తి చేసింది, అంతే. మొదటి రోజు కారణంతోనే ఏడాది పొడవునా నడవాలని చూడటం వల్లనే చాలామంది మధ్యలో అలసిపోతారని నా గట్టి అభిప్రాయం. రెండు మూడు వారాలకొకసారి కూర్చుని, ఇప్పుడు నా కళ్లెదుట ఉన్న కారణం ఏమిటని వెతుక్కోవాలి.

రాజోలు వైపు నుంచి కొబ్బరి దింపు పని చేసే ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. బీడీలు కాల్చేవారు. గుండెకు ముప్పని డాక్టరు చెప్పడంతో మానేశారు గాని, రెండో నెలలో వచ్చి మీరు రాసిన మాటే దాదాపుగా అన్నారు: ‘ఇప్పుడు బాగానే ఉన్నానండి, ఇంకా ఎందుకీ నియమం?’ మానిన రోజులు లెక్కపెట్టడం ఆపి, చెట్టెక్కేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారో గమనించమని ఆయనకు చెప్పాను. ఇదివరకు చెట్టు సగానికి ఎక్కేసరికి కాళ్ల బంధం మీద బరువు మోపి, కాండాన్ని వాటేసుకుని, నాలుగుసార్లు ఊపిరి పీల్చుకుంటే గాని పైకి వెళ్లలేకపోయేవారట. ఇప్పుడు ఆగకుండా మొవ్వు దాకా వెళ్లి, గెల మీద కత్తి వేసే ముందు ఒక్కసారి నిలుస్తున్నానని తరువాతి వారం ఆయనే చెప్పారు. చెట్టుకు ఇంతని కూలి తీసుకునే మనిషికి ఎండ ముదిరేలోపు అదనంగా ఎక్కగలిగిన ప్రతి చెట్టూ డబ్బే. భయం పోయిన చోట ఆ లెక్క వచ్చి నిలబడింది. వానాకాలంలో పని తగ్గాక ఆ కారణం కూడా పలచబడితే, ఇంట్లో మనవడికి వచ్చే పిల్లికూతలు తన పొగ ఆగాక తగ్గాయన్న సంగతిని పట్టుకుని నడిచారు. మనిషి ఒకరే, కారణాలు మాత్రం మూడు.

మీకు కారణం ఎక్కడ దొరుకుతుందో మీ వృత్తిలోనే చూడండి. పొగ తాగేవారికి వాసన పసిగట్టే శక్తి మందగిస్తుంది. మానిన తరువాత వారాలు, నెలల మీద అది మెల్లగా తిరిగి వస్తుంది. తినగా మిగిలిన మేత చెరువు అడుగున కుళ్లి నల్ల బురద కట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందని మీకు తెలుసు, అది రొయ్యకు ఎంత హానికరమో కూడా తెలుసు. రేపటి నుంచి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడల్లా కంటితో మేత చూసి వదిలేయకుండా ఒక్క క్షణం వాసన కూడా చూడండి. నెల కిందటికీ ఇప్పటికీ తేడా ఏమైనా తెలుస్తోందా అన్నది మేత లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక ముక్క రాసి పెట్టుకోండి. నీటి పరీక్షకు ఇది బదులు కాదు, పరీక్షలు మామూలుగా చేయించాల్సిందే. అయినా మీ ముక్కు మీకు తిరిగి వస్తోందన్న రుజువు రోజూ చేతికి అందితే, పదేళ్ల తరువాత వచ్చే జబ్బు గురించిన హెచ్చరిక కంటే అది బలంగా పనిచేస్తుంది. ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ‘నాన్న దగ్గర ఇప్పుడు వాసన రావట్లేదు’ అని సంతోషించిందని రాశారు కదా, ఆ మాటనూ అదే పుస్తకంలో తేదీ వేసి రాయండి. మనసు దిగజారిన రాత్రి జ్ఞాపకం సరిగా పలకదు, కాగితం మీద ఉన్నది పలుకుతుంది.

దూరపు కారణాలు కూడా తెలిసి ఉండటం మంచిదే. ఏడాది గడిస్తే, పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. పదేళ్లు గడిస్తే, ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయే ముప్పు, మానకుండా కాల్చేవారితో పోలిస్తే దాదాపు సగం అవుతుంది. 40 ఏళ్లు రాకముందే మానినవారు, పొగ కారణంగా ముందుగా చనిపోయే ముప్పులో సుమారు 90 శాతాన్ని తప్పించుకుంటారని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మీకు 38 ఏళ్లు కనుక ఈ చివరి సంగతి ప్రత్యేకంగా మీకోసమే రాస్తున్నాను.

రాత్రి వేళ గురించి వివరంగా చెప్పాలి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుందని మీకు ముందే తెలుసు. పడిపోయినందుకు చెరువును ఎవరూ తప్పుపట్టరు, ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగేలా, కరెంటు పోతే జనరేటర్ అందుకునేలా పగలే ఏర్పాటు చేసుకుంటారు. పట్టుదల కూడా రాత్రి రెండు నుంచి ఐదు మధ్య పడిపోతుందని ముందే ఒప్పుకుని, దానికి కావలసిన ఏర్పాటు సాయంత్రమే చేసి పెట్టుకోవాలి. పాకలోనూ, బండి డిక్కీలోనూ, పాత చొక్కా జేబులోనూ ఒక్క సిగరెట్ గాని, లైటర్ గాని లేకుండా వెలుతురు ఉండగానే చూసుకోవడం అందులో మొదటిది. అర్ధరాత్రి కొట్లు మూసి ఉంటాయి కాబట్టి, చేతికి అందుబాటులో లేని సిగరెట్ కోసం బండి వేసుకుని ఊళ్లోకి వెళ్లేలోపే ఆ యావ దాటిపోతుంది. చాలామందిలో ఒక్కో యావ మూడు నుంచి ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు ఉంటుంది. ఆ కాసేపటికి ముందుగా నిర్ణయించిన పని ఉండాలి: టార్చి తీసుకుని గట్టు చుట్టూ ఒక చుట్టు నడవడం, ఏరియేటర్ల శబ్దంలో తేడా ఉందేమో వినడం, ఒక గ్లాసు నీళ్లు మెల్లగా తాగడం. నోటికి సోంపు గాని, ఎండు ఉసిరి ముక్క గాని పెట్టుకోవచ్చు. చలికాలంలో తేగలు దొరికినన్నాళ్లూ వాటిని మించినది లేదని నేను చెబుతుంటాను, ఎందుకంటే ఒలవడానికీ పీచు తీసుకుంటూ నమలడానికీ చేతులకూ నోటికీ రెండింటికీ పని దొరుకుతుంది, సమయం కూడా పడుతుంది.

టీ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫిన్‌ను వేగంగా ఖర్చు చేస్తుంది. పొగ ఆగాక ఆ వేగం తగ్గి, మునుపటి లెక్కలోనే టీ, కాఫీ తాగినా రక్తంలో కెఫిన్ బాగా పెరుగుతుంది. కాపలా రాత్రుల్లో ఫ్లాస్కు నిండా టీ తాగి, గుండె దడదడలాడుతూ, చేతులు వణుకుతూ, నిద్ర పట్టక, అదంతా సిగరెట్ లేకపోవడం వల్లేనని అనుకునేవారిని ఎందరినో చూశాను. మీరు తాగే టీని సగానికి తగ్గించి, నాలుగు రోజులు చూడండి. ఇదే కారణంగా ఉబ్బసానికి థియోఫిలిన్ మాత్రలో, కొన్ని మానసిక వ్యాధులకు మందులో వాడేవారు పొగ మానిన సంగతి తమ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, మోతాదు మార్చవలసి రావచ్చు.

ఒత్తిడిలో సిగరెట్ ఊరటనిస్తుందన్న నమ్మకం మీ ఉత్తరంలో రెండుచోట్ల కనిపించింది. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ తెగులు భయం, మేత ధర, పట్టుబడి రేటు, ఇవన్నీ నిజమైన ఒత్తిళ్లే, కాదనను. కానీ సిగరెట్ తీర్చేది ముఖ్యంగా అంతకుముందు కాల్చిన సిగరెట్ ప్రభావం దిగిపోతున్నప్పుడు పుట్టిన అశాంతిని. చెరువుకు వచ్చిన కష్టం కాల్చక ముందు ఎంత ఉందో కాల్చాకా అంతే ఉంటుంది. మానిన కొన్ని వారాల తరువాత, మానని వారితో పోలిస్తే ఆందోళనా దిగులూ తగ్గుతాయనే పరిశోధనలు చూపించాయి.

మనుషుల మధ్య పట్టుదల నిలబెట్టుకోవడం ఒంటరి రాత్రి కంటే కొందరికి కష్టం. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడినప్పుడో, కిళ్లీకొట్టు ముందు బావగారు ప్యాకెట్ తెరిచి చాపినప్పుడో ఏమనాలన్నది అప్పటికప్పుడు ఆలోచించుకుంటే నోరు తడబడుతుంది. ‘మానడానికి చూస్తున్నాను’ అన్నవారిని ‘ఒక్కటేలే బావా, ఏమవుద్ది’ అని బతిమాలుతారు. ‘మానేశాను బావా, నాకు వద్దు’ అని అక్కడితో ఆపేసి వేరే మాటలోకి వెళ్లేవారిని రెండోసారి అడగడం అరుదు. కారణాలు వివరించకండి, వివరిస్తే వాదన మొదలవుతుంది. సంక్రాంతి మూడు రోజులు మాత్రం ప్రత్యేకంగా తలచుకోవాలి. బంధువులు దిగుతారు, కోడిపందేల బరుల దగ్గర గంటల తరబడి నిలబడతారు, సాయంత్రం మందు కూడా ఉంటుంది. మందు తాగిన వేళ తిరిగి సిగరెట్ ముట్టుకోవడం నేను చూసిన జారిపోవడాల్లో చాలా తరచైనది. మొదటి మూడు నెలల్లో పడే పండుగలకూ పెళ్లిళ్లకూ మందుకు దూరంగా ఉండగలిగితే మీ పని సగం తేలికవుతుంది; అది సాధ్యం కాదనుకుంటే, సిగరెట్ అలవాటు లేని మనిషి పక్కన కూర్చోండి, ఆయనకు ముందే సంగతి చెప్పి ఉంచండి.

‘మా తాతగారు లంక పొగాకు చుట్ట తొంభై ఏళ్ల దాకా కాల్చారు, ఏమీ కాలేదు’ అని ఎవరో అన్నారని కూడా రాశారు. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్ట మన ప్రాంతపు పెద్దల జీవితంలో భాగమే, అలా బతికిన తాతలూ ఉన్నారు. అదే చుట్ట వల్ల యాభై అయిదుకే నోటి కేన్సర్‌తోనో గుండెపోటుతోనో పోయినవారిని ఉదాహరణగా చూపించడానికి వారు అరుగు మీద కూర్చుని లేరు. దీర్ఘకాలం పొగ తాగేవారిలో సగం మంది దాకా దాని వల్లే మరణిస్తారు. మిగిలిన సగంలో మనం ఉంటామని ముందుగా తెలుసుకునే మార్గం ఎవరికీ లేదు. సిగరెట్ బదులు చుట్ట గాని, ఖైనీ గాని మొదలుపెడితే అది మానడం కిందికి రాదు. ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకాన్ని మన దేశం 2019లోనే నిషేధించింది కనుక వాటి జోలికి వెళ్లవద్దు.

ఒకవేళ ఏదో ఒక రాత్రి ఒకటి కాల్చారనుకోండి. దాన్ని దాచవద్దు, అలాగని ‘ఇంతటితో అయిపోయింది’ అని ప్యాకెట్ కొనవద్దు. ఒక్కటి కాల్చినంత మాత్రాన ఐదు వారాల్లో ఒళ్లు సంపాదించుకున్నది తుడిచిపెట్టుకుపోదు, కానీ రెండోదానికి దారి తెరుచుకుంటుంది కనుక మిగతావి ఉంటే నీళ్లలో వేసి, ఆ సమయంలో ఎవరితో ఉన్నారో, ఏం తాగి ఉన్నారో, మనసు ఎలా ఉందో అదే పుస్తకంలో రాయండి. చాలామంది ఒకటికి మించిన ప్రయత్నాల తరువాతే పూర్తిగా మానగలుగుతారు. అయితే ఈ మాటను ముందస్తు అనుమతిగా తీసుకోకండి; ‘పరీక్షకు ఒకటి’ అని కావాలని కాల్చేది మాత్రం నూటికి తొంభై మందిని వెనక్కి లాగేదే అని నా అనుభవం చెబుతోంది.

మందుల సహాయం తీసుకోవడం చిన్నతనమని మనవాళ్లలో ఒక భావం ఉంది, దాన్ని వదిలిపెట్టండి. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి మింగితే కడుపులో మంట, వెక్కిళ్లు వచ్చి ‘ఇది నాకు పడదు’ అనుకుంటారు. మెల్లగా నాలుగైదుసార్లు నమిలి, నోట్లో చురుకు తగలగానే చిగుళ్లకూ బుగ్గకూ మధ్య పెట్టుకుని ఆగాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట సేపు ఉంచుకోవాలి. దానికి పావుగంట ముందూ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, నిమ్మరసం లాంటివి తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. ఐదో వారంలో కొత్తగా మొదలుపెట్టవచ్చునా అంటే, రాత్రి కాపలాలో యావ మళ్లీ బలపడుతున్నట్టుంటే డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి ఆ వేళకు మాత్రం దగ్గర ఉంచుకోవడంలో తప్పులేదు. సిగరెట్‌లోని హాని చాలావరకు మండినప్పుడు వచ్చే పొగ నుంచి వస్తుంది, గమ్‌లో ఆ పొగ ఉండదు. వరెనిక్లిన్, బ్యుప్రొపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి గాని, అవి డాక్టరు చూసి రాయవలసినవి.

డబ్బు లెక్క మీరే వేశారు: రోజుకు 150 రూపాయలు, నెలకు 4,500. ఆ డబ్బు జేబులోనే ఉండిపోతే మేత ఖర్చులో కలిసిపోయి మీకు కనిపించదు. నెలనెలా పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే ఐదేళ్లకు వడ్డీ కాక 2,70,000 రూపాయలవుతుంది, అప్పటికి మీ అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చి ఉంటుంది. పాస్‌బుక్ ఆమె చేతికే ఇవ్వండి.

ఇంట్లో మీ భార్య రోజూ చొక్కా వాసన చూస్తున్నారని, అది మీకు కష్టంగా ఉందని రాశారు. ఆమెది భయం, దాన్ని మీరు అర్థం చేసుకోవాలి. ఆమె కూడా తనిఖీ మానేసి, మీరు చెరువు నుంచి వచ్చాక ‘రాత్రి ఎలా గడిచింది’ అని అడిగితే మీరు నిజం చెప్పగలిగే వాతావరణం ఏర్పడుతుంది. ఈ పేరా ఆమెకు చదివి వినిపించండి. ఇంట్లోవారితో చెప్పుకోలేనివి ఉంటే 1800-11-2356 అనే జాతీయ పొగాకు విముక్తి సహాయ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉన్నారు. 2018 సెప్టెంబరు నుంచి అది సిగరెట్ ప్యాకెట్ల మీదే అచ్చవుతోంది.

చివరిగా డాక్టరును కలవాల్సిన సందర్భాలు. మానిన కొత్తలో దగ్గు కొంత పెరగడం, నోట్లో పుండ్లు, మలబద్ధకం, మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోల బరువు పెరగడం చాలామందికి ఉండేవే. దగ్గులో రక్తం పడినా, నోట్లో పుండు రెండు వారాలకు మించి మానకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయవద్దు. మీరు చెప్పిన చప్పదనం రెండు వారాలు దాటి ఆకలి, నిద్ర, పని మీద ఆసక్తి పోయే స్థితికి వచ్చినా, బతుకు మీద విరక్తి కలిగినా దాన్ని సిగరెట్ లోటుగా సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. 14416 అనే టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరులో రాత్రి వేళ కూడా మాట్లాడవచ్చు. రెండు వారాలు పుస్తకంలో రాశాక, మీకు దొరికిన కొత్త కారణం ఏమిటో నాకు రాయండి. రాత్రి ఏ గంటకు యావ ఎక్కువగా వస్తోందో కూడా రాస్తే దాన్ని బట్టి తరువాతి సలహా చెబుతాను.